ఫెయిర్ కాపీ

రాయగడలో ఈశ్వరప్రసాద్‌ని మోసం చెయ్యాలంటే ముందు గోనెబస్తాని మోసం చెయ్యాలి అనేవారు. చోళ్ళు అనే రాగులు, నూనె తీసే వలిసెలు టోకున కొనే షావుకారు అతను. కొండల మీంచి దిగిన బస్తా కొట్టు ముందుకి రాగానే మూతి విప్పించేవాడు కాదు. మూతి దగ్గర ఎవడైనా మంచి సరుకే పెడతాడు, పెళ్ళిచూపులకి ఎవరూ చిరిగిన చీర కట్టరు కదా అని అతని వాదన. మూరెడు పొడుగు ఇనప గొట్టం తీసి బస్తా అడుగున గుచ్చేవాడు. అరచేతిలోకి నాలుగు గింజలు రాల్చుకొని, ఊది, నోట్లో వేసుకొని, "ఇసక" అనో "తడి" అనో ఒక్క మాట అనేవాడు. ఆ మాటకి అప్పీలు లేదు. కాటా దగ్గరుండే అసిరయ్య మారు మాటాడకుండా బస్తాని పక్కకి తోసేసేవాడు.

అలాంటి మనిషి ఒక కాయితాన్ని మూతి దగ్గరే చూసి కొనేసేడు. ఆ కాయితం తెచ్చిపెట్టింది పరాయివాళ్ళు కూడా కాదు. అతని భార్య భారతీదేవి. పార్వతీపురంలో బి.జెడ్.సి. చదివి పాసైన మనిషి.

అది రెండువేల మూడో సంవత్సరం వేసంగి. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు రిపోర్టులు చూసి, కళ్ళజోడు తీసి, "ఎనిమిదేళ్ళ సుగరు. మాత్రలు ఇంక చాలవు. ఇన్సులిన్ సూది మొదలెట్టాలి" అన్నాడు. తిరుగు ప్రయాణంలో ఈశ్వరప్రసాద్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. బొబ్బిలి దాటేక నోరు తెరిచేడు.

"మా నాన్నకి సూది ఎట్టిన నాలుగో నెలకి పోయేడు."

"మావయ్యగారికి సూది ఆలస్యంగా పెట్టేరండీ. అందుకు పోయేరు."

"ఎప్పుడెడితే ఏటి? సూది ఎట్టేకే పోయేడు కదేటి?"

గొడుగు పట్టుకున్నవాళ్ళే తడుస్తున్నారు కాబట్టి వాన గొడుగులోంచే కురుస్తోంది అన్నట్టుంది ఇది, అనుకుంది భారతీదేవి. అనుకుంది గానీ అనలేదు. పదహారేళ్ళ కాపురంలో ఆమె అనుకున్నవన్నీ అని ఉంటే రెండు గోడౌన్లు నిండేవి.

ఇన్సులిన్ సీసా ఇంటికొచ్చింది. ఆడపడుచు పుణ్యవతి దాన్ని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టింది. చిన్నవయసులోనే భర్త పోయి తమ్ముడి పంచన చేరిన మనిషి ఆవిడ. చేరిన నాడే వంటింటి తాళాలు చేతిలోకి తీసుకుంది. "ఈ సీసా మడికి పనికొస్తదా అమ్మీ?" అని ఒక్కటే అడిగింది. సీసా అక్కడే ఉండిపోయింది.

నాలుగు రోజులు గడిచేక ఈశ్వరప్రసాద్ భోజనాల దగ్గర అన్నాడు.

"నువ్వు సదువుకున్నదానివి కదే. సూది లేకుండా తగ్గీ దారి ఎక్కడో ఉండకపోదు. మన్మథరావు కొట్లో ఆ పెట్టెలో అన్నీ వస్తాయంట. ఎల్లి సూడు."

అంటే, చూసి రమ్మని కాదు. ఉందని చెప్పడానికి రమ్మని. ఆ సంగతి ఆమెకి ఆవేళే తెలుసు.

మన్మథరావు ఇరవయ్యేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేడు. ఇప్పుడు టైపు మిషన్లన్నీ గుడ్డలు కప్పుకొని వెనక గదిలో పడుంటే, ముందుగదిలో ఇంటర్‌నెట్ పెట్టిన రెండు కంప్యూటర్లు వెలుగుతున్నాయి. అయినా ఊళ్ళో వాళ్ళు దరఖాస్తులు అతని దగ్గరికే తెచ్చేవారు. ఎంత కంగాళీగా రాసుకొచ్చినా అతను ఫెయిర్ కాపీ తీసేడంటే కొట్టివేతలుండవు, అనవసరం మాట ఉండదు, మార్జిన్ గీత గీసినట్టుంటుంది. కలెక్టరు లేచి నిలబడి చదవాలి అనేవాడు. కలెక్టరు కూర్చునే చదివి పక్కన పడేసేవాడని అందరికీ తెలుసు. అది వేరే సంగతి.

"రండమ్మా, కూర్చోండి. బొమ్మలు ఆపేసేను. బొమ్మలు రానిస్తే ఒక్కో పేజీ తెరుచుకునేలోపల ఇడ్లీ ఉడికిపోతుంది" అన్నాడు.

బొమ్మలున్న చోట ఖాళీ గళ్ళు, మిగిలినదంతా అక్షరాలు. మొదట తెరుచుకున్నది ఎక్కడిదో వైద్య కళాశాలవాళ్ళు పెట్టింది. సూది మొదలెట్టడానికి భయపడేవాళ్ళకి అని దాని పేరు. చప్పగా, పత్యం కూడులా ఉంది. రాసిన వాళ్ళ పేర్లు, ఎప్పుడు రాసేరో, ఎప్పుడు మళ్ళీ చూసి సరిదిద్దేరో అన్నీ ఉన్నాయి. సూది వేసుకోవాల్సిందేనని అందులో ఉంది.

"ఇది వద్దులెండి. ఇంకోటి చూద్దాం" అంది.

మూడో ప్రయత్నానికి దొరికింది. 'సూది లేని జీవితం.' డాక్టర్ హెరాల్డ్ అనే ఆయన రాసింది. నెత్తిన ఒక అంకె: ఈ పేజీ చూసినవారిలో మీరు 41,206వ వారు.

"నలభై వేలమందే!" అన్నాడు మన్మథరావు. "ఊరు ఊరంతా నుంచుని చూసినట్టు."

భారతీదేవి చదవసాగింది. కొండల్లో దొరికే ఒక చేదాకు సంగతి. ఆకు పేరు లాటిన్‌లో ఉంది. రెండో సంవత్సరం బోటనీలో బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పదికి ఎనిమిది తెచ్చుకున్న మొక్క. ఇన్నేళ్ళుగా ఆ బోటనీకి ఇంట్లో దొరికిన పని కొత్తిమీర కట్టలో కలిసొచ్చిన గడ్డి ఏరడం. ఇప్పుడు ఒక పేజీ ఆమెని పేరు పెట్టి పిలిచింది. తెలిసిన మాట ఒకటి కనపడితే తెలియని మాటలన్నిటికీ అదే హామీ ఉన్నట్టనిపిస్తుంది. అదెంత పిచ్చి హామీయో ఆమెకి తరవాత తెలిసింది.

పేజీ మొత్తం కాయితం మీదకి తీస్తే తొమ్మిది షీట్లట.

"తొమ్మిదెందుకమ్మా? చెప్పిందే చెప్తున్నాడు. మీరు తెలుగులో చెప్పండి, నేను ఫెయిర్ కాపీ తీస్తాను" అన్నాడు మన్మథరావు.

ఆమె చెప్పింది, అతను కొట్టేడు. ఆరో షీటు దగ్గరికొచ్చేసరికి వెనకాల ఇద్దరు తమ వంతు కోసం దగ్గుతున్నారు. ఇంట్లో పొయ్యి మీద ఎసరు ఉంది. "చాలు, ఇక్కడిదాకా చాలు" అందామె. మిగిలిన మూడింటినీ అతను పైపైన చూసి, ఆఖర్న ఉన్నవి ఎలాగూ 'భవదీయుడు, విధేయుడు' లాంటివే కదా అని వదిలేసేడు.

రెండు పేజీల కాయితం, రెండు ప్రతులు తయారయ్యేయి. పైన శ్రీకారం. శీర్షిక కింద రెండు గీతలు. ఎంత అందంగా వచ్చిందంటే, నిజం కాకపోతే ఇంత శుభ్రంగా ఎలా ఉంటుంది అనిపించేలా.

ఆ రాత్రి భోజనాలకి ముందు భారతీదేవి చదివింది. ఈశ్వరప్రసాద్ కళ్ళు మూసుకొని విన్నాడు. పుణ్యవతి చోళ్ళపిండి కలుపుతూ వింది.

"కాయితం బోగుంది. మరి ఈ డాట్రు ఏ ఊరోడమ్మీ?"

"అమెరికా కాబోలు, వదినా."

"మొగం సూడకుండా, నాడి అట్టుకోకుండా మందేటి? మన సంతలో ఆకులమ్మీ ముసిల్ది కూడా ముందు నాలిక సూపించమంటాది."

"అప్పా, నీకు తెలీదు, ఊరుకో" అని అక్కని కసిరేడు ఈశ్వరప్రసాద్. అతని మొహంలోకి చాన్నాళ్ళకి నెత్తురొచ్చింది. "ఆడు మనకేటీ అమ్మడం లేదు సూడు. ఊరికే సెప్తన్నాడు. అబద్ధమాడితే ఆడికేటి లాభం? పైగా నలభై వేలమంది సూసేరు. సంతలో ఏ కొట్టు ముందు జనం నిలబడితే ఆ కొట్లో సరుకు మంచిదే. ఇది నా ముప్పయ్యేళ్ళ అనుభవం."

"ఆకు తినండి, మాత్రలు కూడా వేసుకోండి" అంది భారతీదేవి.

"అన్నీ ఆపమని నువ్వే సదివేవు కదేటి!"

చదివింది. నిజమే.

రెండు మండలాలు వాడాలని కాయితంలో ఉంది. ఆకు కొండల్నించి వచ్చింది. మాత్రలు అలమర్లోకి వెళ్ళేయి. ఒక ప్రతికి లామినేషన్ జరిగింది. కొట్లో ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మ క్యాలెండరు కింద మేకుకి వేలాడింది. బేరానికి వచ్చినవాళ్ళు బేరం తెగేలోపు దాన్ని చదివేవారు. సుగరు లేని ఇల్లేదీ ఈరోజుల్లో? మాకూ ఒకటి కావాల షావుకారూ అనేవారు. మన్మథరావు కొట్లో ఉంది, అడగండి అనేవాడు ఈశ్వరప్రసాద్, తనే రాసినంత దర్జాగా.

భారతీదేవికి కాలేజీ నుంచి మిగిలిన విద్య ఇంకొకటుంది. పెరట్లో, పుణ్యవతి కంట పడకుండా, పరీక్షనాళికలో బెనెడిక్ట్ ద్రావణం పోసి, మొగుడి మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచేది. నీలంగా ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, అలా పైకెక్కి ఇటికరాయి రంగుకి వస్తే చక్కెర కాదు, బెల్లంపాకమే.

మూడో వారానికి ఇటికరాయి వచ్చింది.

ఆమె ఇంట్లో ఉన్న రెండో ప్రతి తీసి రెండో పేజీ చదివింది. అక్కడ రాసే ఉంది: మొదట చక్కెర పైకి రావచ్చు. అది విషం బయటికి పోతున్న గుర్తు. భయపడి మధ్యలో మానేసినవారే నష్టపోయారు.

అంటే ఎరుపొస్తే మందు పనిచేస్తోంది. నీలమొస్తే రోగం తగ్గింది. ఏ రంగొచ్చినా గెలుపు కాయితానిదే. ఇలాంటి ప్రయోగం రికార్డులో రాసుకుపోతే కాలేజీలో మేష్టారు పుస్తకం బయటికి విసిరేవారు. అది ఆమెకి తట్టింది. కానీ భర్త మొహం చూస్తే, ఉరి తప్పినవాడిలా హాయిగా ఉన్నాడు. ఆ హాయిని పాడుచెయ్యడానికి ఆమె దగ్గరున్న సాక్ష్యం ఒక గాజుగొట్టంలో ఎర్ర మడ్డి. మడ్డిని తులసికోటకి దూరంగా పారబోసి గొట్టం కడిగేసింది.

అతను చిక్కిపోసాగేడు. చెంబులకి చెంబులు నీళ్ళు తాగేడు. "నీరు బోగా తాగుతన్నాడు, ఒంటికి సలవ" అని పుణ్యవతి కుండ నింపుతూనే ఉంది. మొదటి మండలం అయిపోయి రెండో మండలం మొదలైంది.

ఆషాఢం వానల్లో ఒకరోజు భారతీదేవి కొట్టుకి టీ పట్టుకెళ్ళింది. అసిరయ్య కింద పరిచిన గోనె వేపు చూస్తూ నిలబడ్డాడు.

"బాబూ, గోనె మీద నెత్తురేటి?"

ఎవరిదో ఎవరికీ తెలీలేదు. అసిరయ్య తన కాళ్ళు చూసుకున్నాడు. భారతీదేవి తన కాళ్ళు చూసుకుంది. అప్పుడు ఈశ్వరప్రసాద్ కాలెత్తేడు. బస్తాలు కుట్టే దబ్బనం హవాయి చెప్పులోంచి దూసుకొని అరికాల్లోకి దిగి ఉంది. ఎప్పుడు దిగిందో. దాంతోనే కొట్టంతా తిరిగేడు.

ఆయన దాన్ని పీకి, పైకెత్తి చూపించేడు.

"సూసేవేటే? సూదికి బయపడ్డానన్నావు. దబ్బనం దిగినా కిమ్మన్లేదు!"

అసిరయ్య నవ్వేడు. బేరగాళ్ళు నవ్వేరు. భారతీదేవి కూడా నవ్వింది. ఆ తరవాత ఎన్నేళ్ళైనా ఆమెకి ఆ రోజు సంగతుల్లో నెత్తురు అంతగా గుర్తులేదు. తన నవ్వు గుర్తుంది.

పసుపు పెట్టేరు. వేపాకు కట్టేరు. పది రోజులకి గాయం మూసుకోలేదు. పదిహేను రోజులకి కొట్లో ఏదో కంపు మొదలైంది.

"బస్తాల సందున ఎలక సచ్చింది బాబూ" అన్నాడు అసిరయ్య. రెండు రోజులపాటు బస్తాలన్నీ ఒక గోడ నించి ఇంకో గోడకి మార్చేడు. ఎలక దొరకలేదు. మూడోనాడు ఇంట్లో అన్నం వడ్డిస్తూ పుణ్యవతి చటుక్కున గరిటె ఆపేసింది. వొంగుని తమ్ముడి కాలికున్న గుడ్డ వాసన చూసింది. లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. భారతీదేవి వెనకాలే వెళ్ళింది.

"ఎలక కొట్లో లేదమ్మీ" అంది పుణ్యవతి.

భారతీదేవి గొడుగు కూడా తీసుకోకుండా మన్మథరావు కొట్టుకి వెళ్ళింది.

"ఆ పేజీ తెరవండి. బొమ్మలతో తెరవండి."

"ఆలస్యమవుతుందమ్మా."

"ఇప్పటికే అయింది."

బొమ్మలు పైనించి కిందకి ఒక్కో గీతా దిగడం మొదలెట్టేయి. ముందు ఒక వెండిరంగు డబ్బా మూత దిగింది. తరవాత డబ్బా. డబ్బా మీద చేదాకు బొమ్మ. పక్కన ధర. ఆ కింద 'ఇక్కడ నొక్కి ఇప్పుడే తెప్పించుకోండి' అని మిణుకుతున్న గడి. వేసంగిలో ఖాళీగా కనిపించిన ప్రతి గడిలోనూ ఒక డబ్బా ఉంది. తరవాత డాక్టర్ హెరాల్డ్ దిగేడు, ముందు జుట్టు, తరవాత నుదురు, ఆ తరవాత పళ్ళు.

'మా ఇతర సరుకులు' అన్నచోట నొక్కించింది. బట్టతలకి నూనె. అదే మొహం, అవే పళ్ళు. పేరు మాత్రం డాక్టర్ విన్సెంట్.

"అన్నదమ్ములేమోనమ్మా" అన్నాడు మన్మథరావు బలహీనంగా.

"జుట్టు మాత్రం ఇద్దరికీ నూనె రాయక ముందే ఉంది" అంది భారతీదేవి.

నెత్తినున్న అంకె 41,213. మూసి తెరవమంది. 41,214. మళ్ళీ. 41,215. వేసంగి నించి ఇప్పటిదాకా ప్రపంచం మొత్తం మీద ఈ పేజీ చూసినవాళ్ళు పదిమంది లేరు. అందులో ఈ కొట్లో కూర్చున్న ఇద్దరూ ఎన్నిసార్లో. ఇంక మొదటి నలభై వేలూ ఎక్కడివి? చందా పుస్తకంలో మొదటి పేజీ మీద తనే ఒక పెద్దంకె వేసుకొని వసూలుకి బయల్దేరినట్టు, ఆ పెద్దమనిషి లెక్క అక్కడినించే మొదలెట్టేడు.

కిందకి, ఇంకా కిందకి పోనిచ్చింది. తొమ్మిదో షీటు అడుగున, చీమలు నడిచినంత అక్షరాలు. 'ఇక్కడ రాసినది ఏ రోగాన్నీ నయం చెయ్యడానికి ఉద్దేశించినది కాదు. మీ డాక్టరుని అడగకుండా ఏ మందూ ఆపవద్దు.'

భారతీదేవి ఆ రెండు వాక్యాలూ అతని చేత మళ్ళీ చదివించింది.

"ఆఖర్న ఉంది కదమ్మా" అన్నాడు మన్మథరావు. "ఇలాంటివి ఫెయిర్ కాపీలో తీసేస్తుంటాను."

అతన్ని తిట్టి లాభమేమిటి? చాలు, ఇక్కడిదాకా చాలు అన్నదెవరు?

ఆవేళ మొదట తెరిచి మూసేసిన వైద్య కళాశాలవాళ్ళ పేజీ మళ్ళీ తెరిపించింది. ఈసారి చివరిదాకా చదివింది. అమ్మే వస్తువు ఏదీ లేదు. ఎవరు రాసేరో ఉంది. దాని మధ్యలో ఒక వాక్యం: సుగరున్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గవచ్చు, కాబట్టి రోజూ అరికాళ్ళు చూసుకోండి, చెప్పులు వేసుకునే ముందు దులపండి.

వేసంగిలో అది ఆమె కళ్ళ ముందే ఉంది. చప్పగా ఉందని మూసేసింది.

తొమ్మిది షీట్లూ బొమ్మలతో సహా కాయితాల మీదకి తీయించుకొని, చీర చెంగులో చుట్టుకొని కొట్టుకి వెళ్ళింది. ఈశ్వరప్రసాద్ కాలు పీట మీద పెట్టుకొని కూర్చున్నాడు. గుడ్డ మీద ఈగలు.

"లేవండి. సాయంత్రం పాసింజరుకి విశాఖపట్నం వెళ్దాం. ఆ కాయితం అబద్ధం."

ఆయన కాలి మీది ఈగల్ని తోలేడు.

"ఆవేళ నిజమన్నావు. ఈవేళ అబద్ధమంటన్నావు. రేపేటంటావు? సదువుకున్నోళ్ళ మాట సంత ధరేటే, పూటకోలా ఉండడానికి?"

"నాదే తప్పు. సగమే చదివేను."

"మధ్యలో మానేస్తే నష్టమని రాసుందా లేదా? ఇంక పన్నెండు రోజులు. ఒప్పుకున్న సరుకు మనింట్లో ఎవడూ వెనక్కివ్వలేదు. నాను కాలు కోయించుకోడానికి ఎల్లను. ఎల్తే కోసెస్తారు, నాకు తెలుసు."

అదీ అసలు సంగతి. అది ఆమెకీ తెలుసు. ఇవాళ వెళ్తే వేలో, మడమో. ఇంకో పన్నెండు రోజులుంటే మనిషే.

భారతీదేవి మూలనున్న ఖాళీ గోనె తీసింది. తొమ్మిది కాయితాలూ వరసగా, మొదటిది మూతి దగ్గరికి, ఆఖరిది అడుగుకి వచ్చేలా అందులో పెట్టింది. గోనెని తెచ్చి మొగుడి ముందు నిలబెట్టింది.

"నా మాట వద్దు. మీరు బస్తా ఎలా కొంటారో అలాగే కొనండి."

అసిరయ్య కాటా వదిలి చూస్తున్నాడు. ఈశ్వరప్రసాద్‌కి కోపం వచ్చింది, నవ్వొచ్చింది, రెండూ నిలవలేదు. చెయ్యి అలవాటు కొద్దీ బస్తా అడుక్కే పోయింది. అక్కణ్ణించి కాయితాలు పైకి తీసేడు. అతనికి ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు అవసరం లేకపోయింది. ముప్పయ్యేళ్ళు సరుకు చూసిన కళ్ళు డబ్బా బొమ్మ మీద ఆగేయి. డబ్బా పక్కనున్న అంకె మీదకి జరిగేయి.

"అమ్ముతన్నాడే" అన్నాడు.

"ఊఁ."

"ఊరికే సెప్పడం కాదన్నమాట."

"కాదు." ఆమె వొంగుని అడుగునున్న చీమ అక్షరాలని వేలితో చూపిస్తూ తెలుగులో చదివింది. రెండుసార్లు చదివించుకున్నాడు.

కాయితాలు ఒళ్ళో పెట్టుకొని బయట వానకేసి చూసేడు. పెదాలు తడుపుకొని, నోట్లో గింజ నలిగినట్టు ఒకసారి దవడ కదిపి, "ఇసక" అన్నాడు.

అసిరయ్య అలవాటు కొద్దీ వచ్చి ఆ ఖాళీ గోనెని పక్కకి తోసేడు.

విశాఖపట్నంలో కాలు మోకాలి కిందనించి తీసేసేరు. పదిరోజుల ముందు వచ్చి ఉంటే రెండు వేళ్ళతో పోయేది అన్నాడు డాక్టరు. ఆ డాక్టరు ఎవర్నీ నిందించలేదు. భారతీదేవికి అందుకే మరీ కష్టంగా అనిపించింది. ఆపరేషనయ్యేక, ఇంటికి పంపే ముందు, నర్సు భారతీదేవికి సూది వెయ్యడం నేర్పింది. మొదటి సూది ఆమే పట్టుకుంది. ఈశ్వరప్రసాద్ కళ్ళు గట్టిగా మూసుకొని, మంచం పట్టె పట్టుకొని పడుకున్నాడు.

"కానీ" అన్నాడు.

"అయిపోయింది."

"అయిపోయిందేటి?"

"అయిపోయిందండీ."

కళ్ళు తెరిచి ఆ సూదిని చూసేడు. దబ్బనంలో పదో వంతు లేదు. ఆయన గోడవేపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

దసరా ముందు రాయగడ వచ్చేరు. పుణ్యవతి ఫ్రిజ్ తలుపు తీసి, పెరుగు గిన్నె పక్కనున్న పాత సీసా తీసి పారేసి, కొత్తది పెట్టింది. మడి సంగతి అడగలేదు.

కొట్లో మేకుకున్న కాయితం తీసేసి భారతీదేవి మన్మథరావు దగ్గరికి వెళ్ళింది.

"ఆ ఫెయిర్ కాపీ కంప్యూటర్లోంచి తీసెయ్యండి."

"తీసేసేనమ్మా, మీరు వెళ్ళిన మర్నాడే." అతను లేచి నిలబడ్డాడు. "కానీ అంతకుముందు… షావుకారు పంపించేరని వచ్చేరు. బాగుందని అందరికీ ఇచ్చేను."

"ఎంతమందికి?"

అతని పుస్తకంలో పదకొండు పేర్లున్నాయి.

భారతీదేవి నాలుగు రోజులు తిరిగింది. కొందరు వెంటనే ఇచ్చేసేరు. "ఉండనీమ్మా, ఎంత బోగా టైపు సేసేరో!" అని కొందరు బతిమాలేరు. ఒకావిడ దేవుడి గదిలోంచి తెచ్చింది, మీద పసుపూ కుంకం. ఇద్దరు అప్పటికే మాత్రలు ఆపేసేరు. వాళ్ళిళ్ళల్లో ఆమె కింద కూర్చొని, తన మొగుడి కాలు సంగతి మొదటినించి చివరిదాకా చెప్పింది. తను చేసింది కూడా చెప్పింది. ఆఖరి ఇల్లు దాటి వచ్చేసరికి చేతిలో పదకొండు కాయితాలున్నాయి.

ఇంటికొచ్చి పొయ్యిలో పెడుతుంటే ఈశ్వరప్రసాద్ చంకకర్రల మీద వంటింటి గుమ్మందాకా వచ్చేడు.

"ఎన్ని?"

"పదకొండు. అన్నీ దొరికేయి."

"పన్నెండు" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగింది.

"జయపురం అవతల బొయిపరిగుడ నించి ఒకాయన వలిసెలు తెచ్చేడు, ఆషాఢంలో. ఆళ్ళమ్మకి సుగరంట. సూది రాసేరంట, బయపడతందంట. మన్మథరావు దగ్గిరికి ఎల్లీ టైము లేదంటే, మనింట్లో ఉన్న రెండో ప్రతి నాను నా సేత్తోనే ఇచ్చేను. మడతెట్టి జేబులో ఎట్టుకున్నాడు. దండం కూడా ఎట్టేడు."

"పేరేటి?"

ఆయన చంకకర్ర సర్దుకున్నాడు.

"వలిసెలు బోగున్నాయి. అడుగుదాకా ఒకటే సరుకు. గుచ్చి సూసేను." గుమ్మానికి ఆనుకున్నాడు. "పేరడగలేదు."

మన్మథరావు ఇంకో కాయితం తయారుచేసేడు. ఈసారి భారతీదేవి పక్కనే కూర్చొని ప్రతి లైనూ చూసింది. మొదటి కాయితం నమ్మొద్దనీ, దానివల్ల ఏం జరిగిందో, మందు ఆపిన వాళ్ళు వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలనీ అందులో ఉంది. వైద్య కళాశాలవాళ్ళు రాసిన ఆ చప్పటి వాక్యం, అరికాళ్ళు రోజూ చూసుకోండి అన్నది, పైనే పెట్టించింది.

"కింద ఇట్లు అని ఎవరి పేరు వెయ్యమంటారమ్మా?" అన్నాడతను.

"నాది వెయ్యండి. భారతీదేవి, రాయగడ. డాక్టరు కాదు. అది కూడా వెయ్యండి."

అతను వేసేడు.

"మొదటి కాయితం రాసింది కూడా ఈవిడే, అని వెయ్యండి."

అతని వేళ్ళు ఆగేయి. "బాగోదేమోనమ్మా. అలాంటివి ఫెయిర్ కాపీలో…" అని తనే ఊరుకున్నాడు. వేసేడు.

జయపురం వేపు పోయే లారీ ఏది కొట్టు ముందు ఆగినా ఈశ్వరప్రసాద్ చంకకర్రలేసుకొని దగ్గరికి వెళ్తాడు. డ్రైవరుకి ఒక కాయితం ఇస్తాడు. బొయిపరిగుడ సంతలో ఇమ్మంటాడు. ఎవరికివ్వాలని వాళ్ళు ఒడియాలో అడుగుతారు. ఆళ్ళమ్మకి సుగరు, అతని వలిసెలు శుభ్రంగా ఉంటాయి, అంటాడు. ఇంతకంటే ఆయనకి తెలిసింది లేదు.

కార్తీకంలో ఒకరోజు ముసురు పట్టింది. ఒక డ్రైవరు కాయితం తీసుకొని, తిరగేసి, అలాగే అని తలూపేడు. భారతీదేవి కొట్టు గుమ్మంలోంచి చూస్తోంది. అతను లారీ ఎక్కి, ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, జల్లు లోపలికి రాకుండా కిటికీ అద్దం సందులో దోపేడు. లారీ కదిలింది. ఈశ్వరప్రసాద్ అటువేపు చూడలేదు. వానకి తడిసిన చేతిని పంచెకి తుడుచుకొని, తరవాత వచ్చే లారీకోసం ఇంకో కాయితం జేబులోంచి తీసేడు.